సాక్ష్యం విని నా స్నేహితుడు అడిగిన ప్రశ్న

నిన్న రాత్రి ఒక స్నేహితుడికి మా అమ్మ స్వస్థత గురించి చెప్పాను. డాక్టర్లు ఆశ వదులుకున్నాక ప్రార్థన చేశాం, ఆమె లేచి కూర్చుంది, ఇప్పటికీ ఆ మాట చెబుతుంటే గొంతు పూడుకుపోతుంది. అతను దేవుణ్ణి నమ్మడు. చివరిదాకా విని, "అమ్మ బాగుపడింది, చాలా సంతోషం. మరి అలాగే ప్రార్థించినా పోయినవాళ్ల సంగతేంటి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇంటికొచ్చి యోహాను సువార్త 11వ అధ్యాయం తీశాను. చనిపోయిన నాలుగు రోజులకు యేసు పిలిస్తే లాజరు సమాధిలోంచి బయటికి రావడం కళ్లారా చూసినవాళ్లలో చాలామంది నమ్మారు, కొందరు మాత్రం నేరుగా పరిసయ్యులనే యూదు మతవర్గం వాళ్ల దగ్గరికి వెళ్లి చెప్పారు, ఆ రోజు నుంచే పరిసయ్యులూ ప్రధాన యాజకులూ యేసును చంపాలని ఆలోచించారు. చూసినవాళ్లే అలా ఉంటే, నా నోటిమాట విన్నవాడు వెంటనే మారిపోవాలని నేనెలా అనుకున్నాను? ఫ్రాన్స్‌లోని లూర్దు పుణ్యక్షేత్రంలో బాగుపడ్డామని వేలమంది చెప్పినా, 2018 నాటికి క్యాథలిక్ సంఘం అద్భుతాలుగా ఒప్పుకున్నవి 70 మాత్రమే. సంఘమే అంత జాగ్రత్తగా చూస్తుంటే అనుమానించేవాడి మీద నాకు కోపం ఎందుకు? యేసు తిరిగి లేచాడంటే నమ్మని శిష్యుడు తోమా ఆయన గాయాలు చూడాలన్నప్పుడు కూడా యేసు అతన్ని తరిమేయలేదు, చూపించాడు.

సాక్ష్యం చెప్పడం మానను. ఈసారి మాత్రం ముందు అతని మాట వింటాను. చిన్నప్పుడే పోయిన తమ్ముడి కోసం అతను కూడా ప్రార్థించే ఉంటాడని నిన్న నాకు తట్టనే లేదు.