చంకలో పాప, చేతిలో కెమెరా

పసిబిడ్డను పెట్టుకుని సీతాకోకచిలుకల ఫొటోలు తీయాలంటే ముందుగా మానుకోవాల్సింది వాటి వెంటపడటం. అది మానేశాకే నా ఫొటోలు, పాప షికారు రెండూ ఒక దారిన పడ్డాయి. అవి ఎక్కడ వాలతాయో తెలుసుకుని, మనమే ముందు వెళ్లి అక్కడ కూర్చోవాలి. పాపతో ఎలాగూ ఎక్కువ దూరం నడవలేం, ఎక్కువసేపు ఉండలేం. ఇంట్లోంచి కదిలి మళ్లీ ఇల్లు చేరేదాకా గంట మించనివ్వను. అందులో కెమెరా పట్టుకునేది ఇరవై నిమిషాలు.

సూర్యోదయమైన ఒకటి రెండు గంటలకు బయల్దేరతాను. సీతాకోకచిలుకలు ఒంటి వేడిని మనలా నిలుపుకోలేవు. ఎగరాలంటే రెక్కలు ఆడించే కండరాలు దాదాపు 30 డిగ్రీల దాకా వేడెక్కాలి. అందుకే పొద్దున్నే ఆకుల మీద రెక్కలు పరుచుకుని ఎండ కాచుకుంటాయి. కొన్ని రెక్కలు మూసి ఒక పక్కకు ఒరుగుతాయి. అప్పుడు అడుగు దూరం వరకూ రానిస్తాయి. ఎండ ముదిరాక అదే సీతాకోకచిలుక ఒక్క పువ్వు మీద రెండు సెకన్లు ఆగదు. పాప కడుపు నిండి హుషారుగా ఉండే వేళా, చర్మం మాడని ఎండా అదే కాబట్టి ఈ వేళ మార్చాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు. మబ్బు పట్టి మధ్యలో ఎండ తొంగిచూసే రోజయితే మధ్యాహ్నం కూడా ఫర్వాలేదు.

చోటు విషయానికొస్తే, తడి మట్టిని మించింది లేదు. మగ సీతాకోకచిలుకలు ఉప్పు కోసం బురద మీద వాలి తొండం దించి పీలుస్తాయి. ఒకటి వాలితే దాన్ని చూసి ఇంకొన్ని వస్తాయి. పీల్చే పనిలో ఉన్నంతసేపు చుట్టుపక్కల కదలికల్ని అంతగా పట్టించుకోవు. రెండోది గిలిగిచ్చ మొక్క. ప్లెయిన్ టైగర్, బ్లూ టైగర్, కామన్ క్రో అనే జాతుల మగవి దీని ఎండుతున్న ఆకులూ కాయల దగ్గర చాలాసేపు వేలాడతాయి. ఆడవాటిని ఆకర్షించే వాసన తయారు చేసుకోవడానికి వాటికి ఆ మొక్కలోని రసాయనాలు కావాలి. మూడోది లార్వాలు, అంటే గొంగళిపురుగులు, తినే మొక్క: లైమ్ బటర్‌ఫ్లైకి నిమ్మ, ప్లెయిన్ టైగర్‌కి జిల్లేడు, క్యాస్టర్‌కి ఆముదం. గుడ్లు పెట్టడానికి వచ్చిన ఆడది ఆకు మీద నిలబడేది క్షణమే. అయితే అదే కొమ్మకు మళ్లీ మళ్లీ తిరిగొస్తుంది. ఫోకస్ ఆ కొమ్మ మీద పెట్టుకుని కూర్చుంటే చాలు.

దగ్గరికి వెళ్లేటప్పుడు చెడగొట్టేది చప్పుడు కంటే నీడ. వాటి కళ్లు దాదాపు అన్ని వైపులకూ చూస్తాయి, కదలికను ఇట్టే పట్టేస్తాయి. పాప వీపు మీద ఉంటే మన నీడ ఒక తల ఎత్తు పెరుగుతుంది. అది మరిచిపోయి ఎప్పటిలా సూర్యుడికి వీపు పెట్టి వెళ్తే, మన కంటే ముందు పాప తల నీడ పువ్వు మీద పడుతుంది. అందుకని సూర్యుణ్ణి పక్కకు పెట్టుకుని, ఏటవాలుగా, అడుగుకీ అడుగుకీ మధ్య ఆగుతూ వెళ్తాను.

పాపను ఛాతీకి ముందు కట్టుకునే క్యారియర్ (పిల్లల్ని మోసే పట్టీల సంచి) ఫొటోలకు పనికిరాదు. కెమెరా పాప తల మీదికి వస్తుంది, వంగితే కింద ఏముందో కనపడదు. పాప తనంతట తాను కూర్చోగలిగాక, క్యారియర్ మీద రాసిన బరువు పరిమితి చూసుకుని, వీపు మీదికి మార్చాను. వీపు మీద పాప ఉండగా నడుము వంచకూడదు. పాప మన తల మీదుగా ముందుకు జారుతుంది. దిగాలంటే మోకాళ్లు వంచాలి, అదీ సగం వరకే. కాబట్టి ఆ దశలో నేల మీది సీతాకోకచిలుకలను వదిలేసి, నడుము నుంచి ఛాతీ ఎత్తు దాకా ఉన్న పూలనే చూసుకున్నాను. తిప్పుకునే స్క్రీన్ ఉన్న కెమెరా అయితే ఇక్కడ ఎంతో మేలు. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టాల్సిన పని లేదు, చుట్టూ ఏం జరుగుతోందో కనిపిస్తూనే ఉంటుంది.

నేను వాడేది 70-300 మి.మీ. జూమ్ లెన్స్, దాని ముందు భూతద్దంలా బిగించే +2 క్లోజప్ లెన్స్. చిన్నవాటిని దగ్గర్నుంచి పెద్దగా తీసే 100 మి.మీ. మాక్రో లెన్స్ మంచిదే. కానీ పెద్దగా తీయాలంటే మరీ మీదికి వెళ్లాలి, పాప చేయి చాపితే పువ్వు దొరుకుతుంది. +2 లెన్స్ బిగిస్తే అర మీటరు దూరం నుంచే తీయొచ్చు. కొత్తవాళ్లు ఇక్కడే కంగారు పడతారు: అర మీటరుకు అవతల ఉన్నదేదీ ఫోకస్ కాదు. లెన్స్ చెడిపోలేదు, దాని పని తీరే అంత. జూమ్ 300 దగ్గర ఉంటే సెన్సర్ (కెమెరా లోపల బొమ్మ పడే పలక) మీద బొమ్మ అసలు సైజులో సుమారు 0.6 వంతు వస్తుంది. 6 సెం.మీ. రెక్కల సీతాకోకచిలుక ఫుల్ ఫ్రేమ్ (36 మి.మీ. వెడల్పు సెన్సర్) కెమెరాలో ఫొటోను అడ్డంగా నింపేస్తుంది. కానీ అపెర్చర్ (వెలుతురు వచ్చే లెన్స్ రంధ్రం) ఎఫ్/8 దగ్గర స్పష్టంగా ఉండే మందం 2 మి.మీ. మాత్రమే. జూమ్ 150కి తగ్గిస్తే అది 7 మి.మీ.కి దగ్గరవుతుంది. పాప కాళ్లాడిస్తూ మనల్ని ముందుకీ వెనక్కీ ఊపుతుంటే ఆ 5 మి.మీ. తేడాయే ఫొటోను కాపాడుతుంది. కాస్త దూరంగా తీసి ఇంట్లో కత్తిరించుకోవడమే నాకు నచ్చిన పద్ధతి. ఇంకో సంగతి, మూసిన రెక్కకు సెన్సర్ సమాంతరంగా ఉండాలి. కొంచెం పక్కకు తిరిగినా కన్ను స్పష్టంగా, రెక్క కొస అలుక్కుపోయి వస్తుంది.

షట్టర్ వేగం 1/500 సెకను కంటే తగ్గించను. వాలినా రెక్కలు ఆడిస్తూనే ఉండే లైమ్ బటర్‌ఫ్లై, మోర్మన్ లాంటి వాటికి 1/1600. అపెర్చర్ ఎఫ్/8, ఐఎస్ఓ (వెలుతురును పట్టే సున్నితత్వం) ఆటో, పరిమితి 3200. ఫోకస్ ఒక్క పాయింటు, కంటి మీద. ముదురు ఆకుల మధ్య తెల్ల సీతాకోకచిలుక ఉంటే కెమెరా మోసపోయి రెక్కను సున్నంలా తెల్లబరుస్తుంది. ఎక్స్‌పోజర్ సవరింపు −0.7 పెట్టి కాస్త ముదురు చేస్తే రెక్క మీది ఈనెలు నిలుస్తాయి. మొదటి ఫొటో ఎంత దూరం నుంచైనా తీసి పెట్టుకోవాలి. ఏ జాతో గుర్తుపట్టడానికి రెక్కల కింది వైపు, పై వైపు రెండూ కావాలి, కాబట్టి రెక్కలు తెరిచేదాకా ఆగుతాను.

నడక వచ్చాక పద్ధతంతా మారింది. ఇరవై సెకన్లు తీసి తల ఎత్తి పాపను చూడటం నా నియమం, ఎంత మంచి ఫొటో ఎదురుగా ఉన్నా సరే. పాప బూటు లేసుకి చిన్న గంట కట్టాను. గంట ఆగిపోయిందంటే ఏదో తీసి నోట్లో పెట్టుకుంటోందని అర్థం. స్టాచ్యూ ఆట నేర్పితే అర నిమిషం కదలకుండా ఉంటుంది, నాకు ఆ అర నిమిషం చాలు. అన్నిటికంటే పనికొచ్చింది మాత్రం ఆకుల కింద వెతికే పని పాపకే అప్పగించడం. మనం వంగితే గానీ కనపడని ఆకు అడుగు భాగం వాళ్ల కంటికి ఎదురుగా ఉంటుంది. నిమ్మ చిగుళ్ల మీద గుండుసూది తలంత లేత పసుపు గుడ్లను నా కంటే ముందు చూసేది పాపే. రెక్కలను ముట్టుకోకూడదని చెప్పేటప్పుడు కారణం కూడా చెప్పాను: వేలికి అంటుకునే పొడి రెక్క మీది పొలుసులు, రాలితే మళ్లీ మొలవవు.

జాగ్రత్తల్లో కొన్ని గట్టిగా చెప్పాల్సినవి. నూగు ఉన్న గొంగళిపురుగును పిల్లలు ముట్టుకోకూడదు. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం, గన్నేరు ప్రతి భాగమూ విషం. ఎత్తుగా పెరిగిన గడ్డిలోకి దిగను. దోమల మందులో డీట్ అనే రసాయనం ఉంటే అది ప్లాస్టిక్‌ను, రబ్బరును తినేస్తుంది. పాపకు రాశాక చేతులు కడుక్కోకుండా కెమెరా పట్టుకుంటే గ్రిప్ జిగురుగా మారుతుంది. కెమెరా రిమోట్‌లో ఉండే నాణెంలాంటి బ్యాటరీ పిల్లలు మింగితే గంటల్లోనే గొంతు లోపల కాలిపోతుంది. అందుకే ఆ రిమోట్‌ను సంచిలో అసలు పెట్టను. సిలికా జెల్ పొట్లాలు, లెన్స్ మూతలు జిప్ ఉన్న అరలోకి వెళ్తాయి.

బయటికి వెళ్లడం కుదరని రోజులకు కుండీలో నిమ్మ మొక్క పెట్టుకున్నాను, మందులేవీ కొట్టకుండా. దాని మీద పెరిగే లైమ్ బటర్‌ఫ్లై లార్వా మొదట పిట్ట రెట్టలా ఉంటుంది, తర్వాత ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ముల జంట బయటికి వచ్చి ఘాటు వాసన కొడుతుంది. నడుముకు పట్టుదారం కట్టుకుని ప్యూపాగా మారాక రోజూ పొద్దున ఒకసారి చూడాలి. తొడుగు లోంచి రెక్కల రంగులు కనపడితే ఇక రోజులోపే. ఇంట్లో కాబట్టి ట్రైపాడ్ వాడతాను. ఫ్లాష్ వద్దు, పక్క నుంచి వచ్చే వెలుతురు చాలు, నిమిషానికి ఒక ఫొటో. బయటికి రాగానే రెక్కలు ముడతలు పడి బొటనవేలి గోరంత ఉంటాయి. పావుగంటలో పూర్తిగా సాగుతాయి. ఈలోగా తొండాన్ని గమనించాలి: మొదట అది రెండు పాయలుగా ఉంటుంది, చుట్టి విప్పి చుట్టి విప్పి ఒకటిగా కలుపుకుంటుంది. సీతాకోకచిలుక నుంచి రంగు నీళ్ల చుక్కలు రాలితే పాప భయపడకుండా ముందే చెప్పి ఉంచాలి. గంటా రెండు గంటలకు రెక్కలు ఆరి ఒకటి రెండుసార్లు తెరిచి మూస్తుంది. పై వైపు ఫొటో దొరికేది అప్పుడే. వెంటనే షట్టర్ 1/2000కి మార్చుకోవాలి, తర్వాతి కదలిక ఎగిరిపోవడమే.