ముసలి కుక్కలు, బాతులు, పెరడు: మా ఇంటి సర్దుబాటు అనుభవం

హనుమాన్ జంక్షన్‌కు దగ్గరలో ఉన్న మా ఊళ్లో, ఇంటి వెనక 20 సెంట్ల పెరట్లో కూరగాయల మడులు, అరటి, మునగ, ఓ డజను బాతులు, వాటన్నిటికీ కాపలాగా రెండు కుక్కలు ఉండే ఏర్పాటు చాలా ఏళ్లు సాఫీగా నడిచింది. కర్రోడు అనే నాటు కుక్క రాత్రిళ్లు బాతుల గూటి ముందే పడుకునేవాడు. లక్కీ అనే లాబ్రడార్ పగలంతా మడుల చుట్టూ తిరుగుతూ కోతులను, పక్కవాళ్ల దూడలను లోపలికి రానిచ్చేది కాదు. వాడికి 13 ఏళ్లు, దానికి 11 ఏళ్లు వచ్చేసరికి రెండింటికీ ఇంచుమించు ఒకే కాలంలో ముసలితనం పైబడింది. కుక్కల వైద్యం గురించి చెప్పేవారున్నారు, పెరటి సాగు గురించి చెప్పేవారు ఇంకా ఎక్కువమంది ఉన్నారు. కుక్కలు, బాతులు, మొక్కలు ఈ మూడూ ఒకే ప్రహరీ లోపల ఉన్నప్పుడు మొక్కకు మేలు చేసేది కుక్కకు విషమవుతుందని, బాతుకు సుఖమిచ్చే బురద కుక్క కాలు విరగ్గొడుతుందని చెప్పేవారు మాత్రం మాకు తారసపడలేదు. అందుకే మేము సర్దుకున్న తీరును వివరంగా రాస్తున్నాను.

మొదట కనిపించిన మార్పు లక్కీ నడకలో. హాల్లో టైల్స్ మీద దాని వెనక కాళ్లు జారేవి, పడుకుని లేవడానికి రెండు మూడుసార్లు ప్రయత్నించాల్సి వచ్చేది, గట్టు దాటి మడుల వైపు వెళ్లడం మానేసింది. కర్రోడి మార్పు అంత సులువుగా బయటపడలేదు. పిలిస్తే పలకకపోవడాన్ని మేము వాడి పొగరు కింద జమకట్టేవాళ్లం. ఒక తెల్లవారుజామున ముంగిస గూటి కింది నుంచి దూరి బాతు పిల్లల్ని పట్టుకుపోయినప్పుడు, బాతులన్నీ అంత గోల చేస్తున్నా వాడు నాలుగు అడుగుల దూరంలో నిద్రపోతూనే ఉన్నాడు. చెవులు వినిపించడం లేదని అప్పుడు తేలింది. కళ్లలో నీలి ఛాయ కూడా కనిపిస్తుండటంతో శుక్లాలేమో అనుకున్నాం.

మా ఊరి పశువైద్యశాలలో ఎక్స్‌రే సదుపాయం లేదు కాబట్టి, గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకువెళ్లమని అక్కడి డాక్టరు గారే చెప్పారు. పరీక్షల్లో లక్కీకి తుంటి కీళ్లు అరిగాయని తెలిసింది. కర్రోడి కళ్లలోని నీలి ఛాయ శుక్లం కాదని, వయసుతో పాటు కంటి కటకం గట్టిపడటం వల్ల వచ్చేదని, దానివల్ల చూపు పెద్దగా పోదని డాక్టరు గారు టార్చి వేసి చూపించి చెప్పారు. వాడి అసలు సమస్య రక్త పరీక్షలో బయటపడింది. మూత్రపిండాలు బయటికి పంపాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో ఎక్కువగా ఉంది, మూత్రం పలచబడింది. మూత్రపిండాల సామర్థ్యంలో దాదాపు మూడింట రెండు వంతులు పోయేదాకా కుక్క పైకి మామూలుగానే కనిపిస్తుందట. వాడు నీళ్లు ఎక్కువగా తాగుతున్న సంగతి మాకు తెలియకపోవడానికి కారణం కూడా పెరడే. గిన్నెలో నీళ్లు తగ్గితే కనిపించేది గాని, వాడు తాగుతున్నది బాతుల తొట్టిలోని నీళ్లు.

ఆ తొట్టి దగ్గరే మా మొదటి సర్దుబాటు మొదలైంది. బాతులకు ఈదడానికి నీళ్లు లేకపోయినా పెంచవచ్చు గాని, ముక్కు, కళ్లు కడుక్కోవడానికి తల మునిగేంత లోతు నీళ్లు తప్పనిసరిగా ఉండాలి. ఆ నీళ్లను అవి గంటలో బురద చేస్తాయి. ఎలుకలు తిరిగే చోట అలాంటి నిలవ నీరు లెప్టోస్పైరోసిస్‌కు ఆలవాలం. ఎలుకల మూత్రం ద్వారా వ్యాపించే ఆ బ్యాక్టీరియా కుక్కల మూత్రపిండాలను, కాలేయాన్ని దెబ్బతీస్తుంది, మనుషులకూ సోకుతుంది. మా రెండు కుక్కలకూ ఏటా వేయించే టీకాల్లో దాని టీకా కూడా ఉన్నప్పటికీ, ఇప్పటికే మూత్రపిండాలు దెబ్బతిన్న కుక్కను ఆ నీళ్ల దగ్గరికి పోనివ్వడం తెలివైన పని కాదు. పైగా ఆ తొట్టి నేలలోకి తవ్వి కట్టించినది. కాళ్లు పట్టు తప్పిన కుక్క అందులో పడితే పైకి రాలేదు. దాన్ని పూడ్చివేసి, పెరడు చివర, అరటి గుబురుకు ఎగువన, ఒకవైపు వాలుగా ఉండే తక్కువ లోతు తొట్టి కట్టించి చుట్టూ మోకాలెత్తు జాలీ వేశాం. రోజూ సాయంత్రం కింది గొట్టం తెరిస్తే నీళ్లన్నీ అరటికి, మునగకు పారతాయి. బాతుల రెట్ట కలిసిన ఆ నీటితో అరటి గెలలు బాగా బరువు తేలాయి. తోటకూర, కొత్తిమీర, పాలకూర మడులకు మాత్రం ఆ నీటిని పారనివ్వం, ఎందుకంటే పచ్చి రెట్టలో ఉండే సూక్ష్మజీవులు ఆకులకు అంటుకుంటాయి.

తరువాత ఎరువుల వంతు వచ్చింది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇదే. మా ప్రాంతంలో పెరటి మొక్కలకు ఆముదపు పిండి వేయడం మామూలు. నూనె తీశాక మిగిలే ఆ పిండిలోనే రిసిన్ అనే తీవ్రమైన విషం ఉండిపోతుంది, పిండి వాసనేమో కుక్కలకు ఇష్టం. సరిగా వేడి చేసి విషం విరవని పిండిని కొద్దిగా తిన్నా వాంతులు, రక్త విరేచనాలు పట్టుకుని ప్రాణం మీదికి వస్తుంది. కుర్రతనంలో పరుగులతో తీరిక లేని కుక్క కూడా ముసలితనంలో వాసన పట్టుకుని ఒకే చోట తవ్వుతూ కూర్చుంటుంది. చూపు, వినికిడి తగ్గిన కొద్దీ వాటికి మిగిలే తోడు ముక్కే. ఆముదపు పిండినీ, ఎముకల పొడినీ పూర్తిగా మానేసి వేప పిండికి, వానపాముల ఎరువుకు మారాం. వేప పిండి చేదు కాబట్టి మా కుక్కలు దాని జోలికి పోలేదు. నత్తల మందు గుళికలు కూడా ఇంట్లోంచి తీసేశాం. వాటిలో ఉండే మెటాల్డిహైడ్ తిన్న కుక్కకు వణుకు, మూర్ఛలు వస్తాయి. ఆ మందు చేసే పనిని బాతులు ఇంకా బాగా చేస్తాయి. కోత అయిపోయిన మడిలోకి వాటిని వదిలితే చిన్న నత్తలను, వాటి గుడ్లను ఏరుకుని తినేస్తాయి. లేత నారు ఉన్న మడిలోకి వదిలితే మాత్రం నత్తలకన్నా ముందు నారే పోతుంది, కాబట్టి బెండ, వంగ మొక్కలు మోకాలెత్తు దాటేదాకా ఆ మడులకు జాలీ తీయము.

మందుల దగ్గర ఒక చిక్కు ఎదురైంది. లక్కీ నొప్పికి డాక్టరు గారు మెలోక్సికామ్ రాశారు. అదే మందు కర్రోడికి ఇవ్వకూడదు, ఎందుకంటే ఆ రకం నొప్పి మందులు మూత్రపిండాలకు రక్త ప్రసరణను తగ్గిస్తాయి. రెండు కుక్కలూ ఒకే చోట తినే ఇంట్లో ఈ తేడా పాటించడం మాటలు కాదు. మందు కలిపిన ముద్దను లక్కీకి చేత్తో తినిపించి, అది మింగేదాకా కర్రోడిని వసారాలో కట్టేసేవాళ్లం. మా వైపు చాలామంది కుక్క కుంటుతుంటే ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర పెడతారు. ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్కల కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలను పాడుచేస్తాయి. డైక్లోఫెనాక్ వల్ల రాబందులు చచ్చిపోతున్నాయని పశువైద్యంలో దాన్ని 2006లోనే నిషేధించారు, మనుషుల మందుగా మాత్రం అది ప్రతి మందుల షాపులోనూ దొరుకుతుంది కాబట్టి ఈ అలవాటు పోలేదు.

లక్కీకి మందుకన్నా ఎక్కువ ఉపకారం చేసింది బరువు తగ్గడం. 38 కిలోలున్న దాన్ని 31 కిలోలకు తేవడానికి ఏడాదికి పైగా పట్టింది. పెరుగన్నం సగానికి తగ్గించి, ఉడికించిన సొరకాయ, గుమ్మడి, బీన్స్ కలిపేవాళ్లం. పెరట్లో కాసేవన్నీ పెట్టవచ్చని కాదు. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తకణాలను పగలగొడతాయి, అందువల్ల మా కూరల్లో మిగిలిన పులుసు కూడా వాటికి పోయలేదు. గుడ్ల విషయంలో విచిత్రమైన పంపకం జరిగేది. మూత్రపిండాల జబ్బులో భాస్వరం తగ్గించాలి, అది పచ్చసొనలో ఎక్కువ, తెల్లసొనలో చాలా తక్కువ. ఉడికించిన బాతు గుడ్డులో తెల్లసొన కర్రోడికి పోయేది, కొవ్వు ఎక్కువ కాబట్టి పచ్చసొన లక్కీకి పనికిరాదు, చివరికి పచ్చసొనలన్నీ మా ఆయన కూరలో చేరేవి. ఆయన కొలెస్ట్రాల్ సంగతి ఈ వ్యాసం పరిధిలోనిది కాదు.

కుక్కలు కాపలా కాయలేవని తేలాక బాతుల గూడును పూర్తిగా మార్చక తప్పలేదు. కోళ్లకు వాడే పలచటి వలను అడవి పిల్లి చింపగలదు, ముంగిస దాని కింద తవ్వగలదు. అరంగుళం కన్నుల ఇనుప జాలీని గూటి చుట్టూ బిగించి, అడుగున ఓ అడుగు లోతు భూమిలోకి దించి, నేల మీద వరి ఊక పరిచాం. బాతులు ఎక్కువగా తెల్లవారుజామున గుడ్లు పెడతాయి కాబట్టి ఎనిమిది దాటాక తలుపు తీస్తే గుడ్లన్నీ గూట్లోనే దొరుకుతాయి. కర్రోడు మాత్రం ఊరుకోలేదు. వయసుతో మెదడు మందగించడం వల్ల రాత్రిళ్లు అకారణంగా తిరిగేవాడు, గూటి మూలలో ముఖం పెట్టి వెనక్కి రావడం తెలియక అలాగే నిలబడేవాడు. బాతులు బెదిరి అరిచేవి, వాడికి ఆ అరుపులు వినపడేవి కావు, మా ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండేది కాదు. గూటికి, వసారాకు మధ్య వెదురు తడిక అడ్డం పెట్టి, వసారాలో చిన్న దీపం రాత్రంతా వెలిగేలా ఉంచి, కుర్చీలు, బల్లలు ఎక్కడివి అక్కడే ఉండేలా చూసుకున్నాక వాడి తిరుగుడు కొంత తగ్గింది.

మాది నల్లరేగడి నేల. వానాకాలంలో చెప్పు కూడా ఊడిపోయేంత జిగట. వసారా నుంచి గేటు దాకా ఇటుకలు పరిచి, వాటి మీద కొబ్బరి పీచు పట్టాలు వేసి కుక్కలకు ఒక దారి ఏర్పరిచాం. లక్కీ ఆ దారి దాటి అడుగు వేసేది కాదు. టైల్స్ మీద కూడా అవే పట్టాలు వేశాం. ఎండాకాలానికి సొర పందిరి పనికొచ్చింది. మే నెలలో 40 డిగ్రీలు దాటే మా ప్రాంతంలో పందిరి కింద తడి గోనె పరిస్తే రెండూ మధ్యాహ్నమంతా అక్కడే గడిపేవి. వానాకాలంలో మరో జాగ్రత్త మేత విషయంలో తీసుకోవాలి. బూజు పట్టిన వేరుశనగ చెక్క, మొక్కజొన్నలలో పుట్టే అఫ్లాటాక్సిన్‌ను బాతులు అసలు తట్టుకోలేవు, ముఖ్యంగా పిల్లలు. అదే మేతను దొంగచాటుగా తినే కుక్కల కాలేయం కూడా దెబ్బతింటుంది. తవుడు, నూకలు మూత ఉన్న డ్రమ్ముల్లో పోసి, వారానికి సరిపడా మాత్రమే తెచ్చుకోవడం అలవాటు చేసుకున్నాం.

గత ఏడాది వానాకాలం చివర లక్కీ పూర్తిగా లేవలేని స్థితికి వచ్చింది. పూటకు రెండుసార్లు పక్క మార్చినా మోచేతుల దగ్గర పుండ్లు పడ్డాయి. నాటకుండా మిగిలిపోయిన నారు మడిలోనే ముదిరిపోయింది, బాతుల పని అంతా మా ఆయన మీద పడింది. డాక్టరు గారు మందులు పెంచడం వల్ల దానికి ఒరిగేదేమీ లేదని నిర్మొహమాటంగా చెప్పి, "నిర్ణయం మీదేనమ్మా, తొందరేం లేదు, అలాగని చాలా ఆలస్యం చేయకండి" అన్నారు. అది తిండి మానేసిన రెండో రోజున ఆయన మా ఇంటికే వచ్చి, ముందు మత్తు ఇచ్చి, తరువాత చివరి ఇంజెక్షను చేశారు. ఆ మందు కళేబరంలో ఉండిపోతుంది కాబట్టి వేరే జంతువులు తవ్వి తింటే వాటికీ ప్రమాదమని చెప్పి, బోరుకు, బాతుల తొట్టికి దూరంగా నాలుగు అడుగుల లోతు గొయ్యి తవ్వించారు. కర్రోడు ఆ తరువాత కొన్నాళ్లు ఇటుకల దారి మీద లక్కీ పడుకునే చోటును వాసన చూసి పక్కకు తప్పుకుని వెళ్లేవాడు.

ఇప్పుడు వాడికి రోజు విడిచి రోజు చర్మం కింద సెలైన్ ఎక్కించాల్సి వస్తోంది. మెడ వెనక చర్మాన్ని గుడారంలా పైకి లాగి, సూదిని అందులోకి గుచ్చి, రింగర్ లాక్టేట్ సీసాను సొర పందిరి రాటకు తగిలిస్తే పావుగంటలో పని అయిపోతుంది. మొదట్లో నా చేయి వణికేది, కాంపౌండరు గారు దగ్గరుండి నేర్పారు. ఎక్కించాక మెడ దగ్గర ఏర్పడే నీటి ఉబ్బు కొన్ని గంటల్లో కాళ్ల వైపు జారి ఇంకిపోతుంది, అందుకు కంగారు పడనక్కర లేదు. బాతులను ఆ పావుగంటసేపు గూట్లో పెట్టాలి, లేకపోతే వేలాడే గొట్టాన్ని ముక్కుతో లాగుతాయి.

కొత్త కుక్కపిల్లను తెస్తే కాపలా తిరిగి కుదురుతుందని మా ఆయన అంటున్నారు. కర్రోడు ఉన్నంతకాలం నేను ఒప్పుకోను, పిల్ల కుక్క ఆటలు వాడు తట్టుకోలేడు, పైగా అది బాతులను తరమకుండా ఉండటం నేర్పడానికి నెలలు పడుతుంది. కోతలయ్యాక పొలాల్లోకి బాతుల మందలను తోలుకొచ్చేవారి దగ్గర ఏటా కొత్త పిల్లల్ని కొనేవాళ్లం, ఈసారి కొనడం లేదు. ఉన్నవాటిలో ఆరింటిని చెల్లెలి ఇంటికి పంపి, మిగిలిన ఆరింటితో సరిపెట్టుకుంటున్నాం. నత్తలు కొంచెం పెరిగాయి గాని, సాయంత్రం టార్చి పట్టుకుని చేత్తో ఏరేస్తే సరిపోతోంది.