మళ్లీ అదే ల్యాబ్‌లో

11 ఏళ్ల తర్వాత మా చిన్న కాలేజీ ల్యాబ్‌లో నిలబడ్డాను, ఈసారి నేర్పడానికి. పూర్వ విద్యార్థులం నలుగురం కలిసి, పని వెతుక్కుంటున్నవాళ్లకి శనివారాలు ఇంటి వైరింగ్ నేర్పుతున్నాం.

నిన్న చెప్పింది ఒక్కటే. మెయిన్ ఆపేశాం కదా అని వైరు ముట్టుకోకూడదు. టెస్టర్‌ని ముందు కరెంటు ఉన్నచోట పెట్టి చూడాలి, తర్వాత మనం పట్టుకోబోయే వైరు మీద, మళ్లీ కరెంటు ఉన్నచోట. టెస్టరే పాడైతే? అందుకే మూడుసార్లు.

వెనక వరుసలో ఒకావిడ, మా అమ్మ వయసుంటుంది, వేళ్లు వణుకుతూనే మూడుసార్లూ చూసి, "ఇప్పుడు ముట్టుకోవచ్చా బాబూ?" అన్నారు. నాకు మాట రాలేదు. సర్టిఫికెట్ కంటే ఆ అలవాటే ముఖ్యం అనిపిస్తుంది నాకు.

వచ్చే వారం ఎర్తింగ్. మన బ్యాచ్‌వాళ్లు ఎవరైనా ఒక్క శనివారం ఇవ్వగలరా? పాత మల్టీమీటర్ ఉంటే పట్టుకురండి, 15 మందికి రెండే ఉన్నాయి.