ఎడమ పిక్క

జూలై 21, 2024, ఆదివారం

తెల్లవారుజామున నాలుగున్నరకే మెలకువ వచ్చింది. మా వీధి చివర బాబా గుడిలో గురుపౌర్ణమి మైకు ఇంకా మొదలు కాలేదు. లైటు వేస్తే ఇంట్లోవాళ్ళు లేస్తారని, ఫోను టార్చి వెలుగు ఎడమ పిక్క మీద ఏటవాలుగా పడేటట్టు పట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా వెలుగు పడితే కనబడని కదలిక పక్కనుంచి పడితే నీడతో సహా కనబడుతుందన్నది ఈ నెల రోజుల్లో నేను సంపాదించిన జ్ఞానం. చర్మం కింద ఏదో చిన్న పురుగు తల ఎత్తి దించినట్టు కండ మూడుసార్లు ఎగిరింది, ఆగింది, రెండంగుళాలు కిందికి జరిగి మళ్ళీ ఎగిరింది. నిమిషానికి 11. నిన్న ఇదే వేళకు 9. పాత చిట్టా పుస్తకం వెనక పేజీలో తేదీ, వేళ, చోటు, సంఖ్య అని నాలుగు గడులు గీసి ఇవన్నీ రాసుకుంటున్నాను. ఆడిటరు దగ్గర పనిచేసేవాడికి భయం కూడా పద్దుల రూపంలోనే వస్తుంది కాబోలు.

ఇది మొదలైంది జూన్ చివరివారంలో. ఆదాయపు పన్ను రిటర్నులకు జూలై 31 గడువు కాబట్టి ఈ రోజుల్లో మాకు రాత్రీ పగలూ ఒకటే. నిద్ర అయిదు గంటలకు మించదు, కాఫీ మాత్రం ఆరేడు సార్లు అవుతుంది. మొదట ఎడమ కంటి కింది రెప్ప రెండు రోజులు కొట్టుకుంది. కన్ను అదరడం మన ఇళ్ళల్లో శకునమే తప్ప జబ్బు కాదు కనుక నేనూ పట్టించుకోలేదు. అది కన్ను వదిలి పిక్కను అందుకున్న రాత్రి మాత్రం ఫోను తీసి వెతికాను. కండ ఇట్లా అదరడాన్ని ఫాసిక్యులేషన్ అంటారని ఆ రాత్రే నేర్చుకున్నాను, దాని పక్కనే ఏఎల్ఎస్ అన్న మూడక్షరాలు, అంటే కండల్ని కదిలించే నరకణాలు చచ్చిపోయే మోటార్ న్యూరాన్ వ్యాధి పేరు, చూశాను. మరొకరైతే అక్కడితో ఫోను పక్కన పెట్టి పడుకునేవారేమో. నేను పెట్టలేకపోయాను, ఎందుకంటే ఆ జబ్బును మా వాళ్ళలోనే దగ్గరుండి చూశాను.

మా తెనాలి పెదనాన్న, అంటే మా పెద్దమ్మ భర్త, బియ్యం మిల్లులో గుమస్తాగా చేసేవారు. 2011 వేసవిలో ఒకరోజు ఆయన మిల్లు నుంచి ఇంటికి వచ్చేసరికి కుడికాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిపోయిందో ఆయనకే తెలియలేదు. పెద్దమ్మ నవ్వుతూ వెతుక్కుంటూ వెళ్ళి, వీధి మలుపులో దొరికిన చెప్పును తెచ్చి గుమ్మంలో పెట్టింది. వారం తిరగకముందే అది మళ్ళీ జారింది. పాదం ముందుభాగం పైకి లేవడం లేదని, నడుస్తుంటే వేళ్ళు నేలకు రాసుకుంటున్నాయని గమనించడానికి అందరికీ రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ తప్పు చెప్పులదేననుకుని కొత్త జత కొన్నారు, ఆ తరువాత వెనక బెల్టు ఉన్న జత కొన్నారు. ఒక వైద్యుడు నరాల బలహీనత అని పేరు పెట్టి వరసగా బి12 ఇంజెక్షన్లు చేశాడు. చివరకు మోటార్ న్యూరాన్ వ్యాధి అని తేలేసరికి కుడిచేతి బొటనవేలి మొదట్లో కండ కరిగి గుంటపడింది, తాళంచెవి తిప్పలేకపోయేవారు. రిలుజోల్ మాత్ర ఉదయం ఒకటి, రాత్రి ఒకటి వేసుకునేవారు. అది జబ్బును కొన్ని నెలలు వెనక్కి నెడుతుందే తప్ప ఆపదని డాక్టర్లు ముందే చెప్పారు. మాట ముద్దయి, మింగడం కష్టమై, 2014లో పోయారు. ఆ ఏడాదే అందరూ తలమీద ఐసునీళ్ళు కుమ్మరించుకునే వీడియోలు ఊరంతా తిరిగాయి. అవి ఈ జబ్బు కోసమేనని అప్పట్లో మా ఆఫీసులో నాకొక్కడికే తెలుసు.

మొన్న గురువారం నరాల డాక్టరు దగ్గరకు వెళ్ళాను. నేను ప్యాంటు పైకి మడిచి పిక్క చూపించబోతే ఆయన తరువాత చూద్దామని, ముందు గదిలో మడమల మీద నడవమన్నారు, ఆపైన మునివేళ్ళ మీద నడవమన్నారు, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమన్నారు. నోరు తెరిపించి కదలకుండా ఉన్న నాలుకను చాలాసేపు చూశారు, మోకాలి కింద సుత్తితో కొట్టారు, బొటనవేలి మొదట్లో కండను నొక్కి చూశారు. ‘అదరడం ఒక్కటే నాకు పెద్ద విషయం కాదండీ, బలం తగ్గిందా, కండ కరిగిందా అన్నదే చూడాలి’ అన్నారు. మీ ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగితే పెదనాన్న సంగతి చెప్పాను. రక్తసంబంధమా అన్నారు. కాదండీ, పెద్దమ్మ భర్త అన్నాను. ఆయన నవ్వు ఆపుకున్నారని నా అనుమానం.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. వెన్నుపాములో ఉన్న నరకణం నుంచి బయలుదేరిన పోగు కండరానికి వెళ్ళి, అక్కడ తంతువుల గుత్తి ఒకదాన్ని తన చెప్పుచేతల్లో పెట్టుకుంటుంది. మన ప్రమేయం లేకుండా ఆ గుత్తి ఒక్కసారి ముడుచుకుంటే చర్మం కింద అదురుగా కనబడుతుంది. నిద్ర చాలకపోయినా, కాఫీ ఎక్కువైనా, ఒళ్ళు అలిసినా, మనసు కుదురుగా లేకపోయినా, థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా ఆ పోగుకు చిరాకు పుడుతుంది. పెదనాన్నకు వచ్చిన జబ్బులో నరకణమే చచ్చిపోతుంది కాబట్టి అదురుతోపాటు బలమూ పోతుంది. థైరాయిడ్, కాల్షియం, మెగ్నీషియం పరీక్షలు రాశారు, అన్నీ ఉండవలసినట్టే వచ్చాయి. కండరంలో సూది గుచ్చి చూసే ఈఎంజీ పరీక్ష నేనే అడిగాను. అవసరం లేదన్నారు.

అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు ఇటువంటి అదురు మాత్రమే ఉన్న 121 మందిని 2 నుంచి 32 ఏళ్ళ దాకా గమనించి, ఒక్కరికి కూడా మోటార్ న్యూరాన్ వ్యాధి రాలేదని 1993లో ప్రచురించారు. మా వృత్తిలో 121 పద్దులు సరిపోలితే పుస్తకం మూసి సంతకానికి పంపిస్తాము. నేను మాత్రం 122వ పద్దు నాదేనేమోనని కూర్చున్నాను. పైగా పెదనాన్న విషయంలో అదురు అన్న మాట తొలి రోజుల్లో ఎవరి నోటా వినలేదు. ముందు చెప్పు జారింది, అదీ ఆయనకు తెలియకుండా జారింది. కళ్ళారా చూసిన జబ్బు అట్లా వస్తే, దాన్ని పక్కన పెట్టి ఫోనులో చదివిన జబ్బును పట్టుకుని వేలాడుతున్నానంటే, నాకు భయం వేసేది జబ్బును చూసా, మాటను చూసా అని ఇవాళ మొదటిసారి నన్ను నేను అడుగుకున్నాను.

అడుగుకున్నానే గాని, ఏడింటికి డాబా ఎక్కి మడమల మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నడవకుండా ఉండలేకపోయాను. ఆ తరువాత పిట్టగోడ పట్టుకుని మునివేళ్ళ మీద అరవైసార్లు లేచాను. బట్టలు ఆరవేయడానికి వచ్చిన మా ఆవిడ బకెట్టు కింద పెట్టి, ‘ఏమండీ, డాక్టరుగారు ఒక్కసారే కదా నడవమన్నది?’ అంది. జవాబు చెప్పలేదు. నిజానికి రోజూ ఇట్లా పరీక్షలు పెట్టుకోవడం వల్ల పిక్క పట్టేసి నొప్పిగా ఉంది, నొప్పిగా ఉంటే బలం తగ్గిందేమోనని మళ్ళీ పరీక్ష పెట్టుకుంటున్నాను, శ్రమపడిన కండ ఇంకాస్త ఎక్కువగా అదురుతోంది. ఈ గుండ్రం నాకు కనబడుతూనే ఉంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక సోఫాలో కూర్చుని కాలు చూసుకుంటుంటే, గోరుచిక్కుళ్ళకు ఈనెలు తీస్తున్న అమ్మ తలెత్తింది. పెదనాన్న పేరు ఆమె దగ్గర ఎత్తడం ఇష్టం లేక ఇన్నాళ్ళూ ఈ సంగతి దాచాను.

‘ఏంట్రా, ఆ కాలికేమైంది?’

‘ఏమీ లేదమ్మా, పిక్క అదురుతోంది.’

‘కుడా, ఎడమా?’

మగవాళ్ళకు కుడివైపు అదిరితే మేలన్నది ఆమె లెక్క. కుడి అన్నాను. ‘అయితే మంచిదేరా’ అని మళ్ళీ చిక్కుళ్ళ మీద పడింది.

సాయంత్రం రెండు రిటర్నులు పూర్తిచేశాను. కాఫీ పొద్దున ఒకటి, నాలుగింటికి ఒకటి, అంతే, తలనొప్పిగా ఉంది. రాత్రి తొమ్మిది దాటాక మూడో రిటర్ను తెరిచి, ఫారం 16లో అంకెలు సరిచూస్తుండగా, కుడికాలు మోకాలి పైభాగంలో టపటపమని మొదలైంది. ఇట్లా చోట్లు మారడం మామూలేనని డాక్టరు చెప్పే ఉన్నారు. చిట్టా పుస్తకం తీసి, కొత్త పద్దు రాయడానికి పెన్ను మూత తీశాను, మళ్ళీ పెట్టేశాను. అమ్మను పిలిచి, లుంగీ కొంచెం పైకి లాగి చూపించాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని వంగి, అది రెండుసార్లు ఎగిరేదాకా ఓపిగ్గా చూసింది.

‘పిక్క అన్నావు, ఇది తొడ కదరా. దీనికి ఫలం వేరే ఉంటుంది, ఉండు, పంచాంగం తెస్తాను’ అని లేచింది.