మళ్లీ తెలుగు చదవాలంటే ముందు సన్న పుస్తకం పట్టుకోండి

ఈ మధ్య ఎవరు కలిసినా ఒకటే అడుగుతున్నారు, తెలుగు చదివి చాన్నాళ్లయింది, మళ్లీ మొదలెట్టాలనుంది, ఏం చదవమంటావు అని. ఒక్కొక్కళ్లకి వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా టైప్ చేసి పంపే బదులు ఇక్కడే రాసేస్తున్నా. ఎలాగూ ప్రస్తుతం నా మంచం పక్కన మూడు నాలుగు పుస్తకాలు ఒకేసారి నడుస్తున్నాయి, వాటి గురించే చెప్తా.

ముందు ఒక మాట. మళ్లీ మొదలుపెట్టేవాళ్లు చాలామంది నేరుగా వెళ్లి వేయిపడగలు కొనేస్తారు. అది గొప్ప నవల కాదని నేననను, కానీ ఏళ్ల తరబడి ఫోన్‌లో నాలుగు లైన్లు చదవడానికి అలవాటుపడ్డ కళ్లకి అంత లావు పుస్తకం ఒకేసారి ఇస్తే ఏమవుతుంది, ముప్పై నలభై పేజీల దగ్గర ఆగిపోతుంది, ఆ పుస్తకం షెల్ఫులోకి ఎక్కి కూర్చుంటుంది, దాన్ని చూసినప్పుడల్లా ఇంక నావల్ల కాదేమో అన్న దిగులు. మన వల్ల కాకపోవడం ఏమీ లేదు. ఒక రాత్రిలో అయిపోయే పుస్తకం పట్టుకోండి. ఒకటి పూర్తిచేశాక వచ్చే ధైర్యమే వేరు, రెండోది దానంతటదే చేతిలోకి వస్తుంది. సన్నగా ఉంది కదా అని తేలిక పుస్తకం అనుకోకండి మళ్లీ, నేను చెప్పబోయే మొదటిది చదివాక మీకే తెలుస్తుంది.

డాక్టర్ కేశవరెడ్డి గారి 'అతడు అడవిని జయించాడు'. నేనిది మళ్లీ చదువుతున్నా, ఎన్నోసారో గుర్తులేదు కూడా. కథ చెప్పమంటే రెండు ముక్కల్లో అయిపోతుంది. పందుల్ని మేపుకుని బతికే ఒక ముసలాయన, ఆయన మందలోంచి నిండు చూలుతో ఉన్న పంది ఒకటి తప్పిపోతుంది, దాన్ని వెతుక్కుంటూ పొద్దుగూకే వేళకి ఈటె పట్టుకుని అడవిలోకి పోతాడు. అంతే, అక్కడి నుంచి తెల్లారేదాకా ఒక్క రాత్రి. ఆ ముసలాయనకి పేరు కూడా ఉండదు. పంది దొరుకుతుంది, అప్పటికే ఈనేసి ఉంటుంది, చుట్టూ నక్కలు. ఇక్కడే ఉంది అసలు కిటుకు. పిల్లలేసిన పంది ఎవర్నీ దగ్గరికి రానివ్వదు కదా, పెంచిన మనిషినైనా సరే. నక్కల నుంచి దాన్ని కాపాడాలని ఈయన తాపత్రయం, దానికేమో నక్కా ఒకటే ఈయనా ఒకటే. ముసలాయన అలికిడి కాకుండా ఒక్కో అడుగూ వేసుకుంటూ దగ్గరికి పోతుంటాడు, అది గుర్రుమంటుంది, ఈయన అక్కడే ఆగిపోతాడు. అంత ప్రేమ పెట్టుకుని దగ్గరికి పోలేకపోవడం ఉంది చూశారూ, ఆ పేజీలు చదువుతుంటే నాకు ఊపిరి ఆడలేదు. చివర ఏమవుతుందో చెప్పను, దయచేసి ఎవర్నీ అడక్కండి, ఎక్కడా వెతక్కండి.

ఈ నవల గురించి మాట్లాడిన ప్రతివాళ్లూ హెమింగ్వే ముసలాయన్నీ సముద్రాన్నీ, అదే 'ది ఓల్డ్ మ్యాన్ అండ్ ద సీ' నవలని, తెస్తారు. పోలిక ఉన్న మాట నిజమే, కాదనను. కానీ ఆ పోలిక దగ్గరే ఆగిపోతే మనకి దక్కాల్సింది దక్కదని నా అభిప్రాయం. ఎందుకంటే ఇక్కడ ముసలాయన మన ఊరి చివర బతికే మనిషి, ఊళ్లో నలుగురూ లెక్కలోకి తీసుకోని మనిషి. అలాంటి మనిషికి అడవి గురించి, గాలి వాటం గురించి, జంతువు మనసు గురించి ఎంత తెలుసో, ఎంత లోతుగా ఆలోచిస్తాడో ఆ ఒక్క రాత్రిలో చూపిస్తారాయన. కేశవరెడ్డి గారిది చిత్తూరు జిల్లా, ఉద్యోగమేమో ఎక్కడో నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో, కుష్ఠు రోగుల ఆసుపత్రిలో డాక్టరు. అంత దూరంలో ఉండి, పగలంతా జనం ముట్టుకోవడానికే భయపడే రోగులకి వైద్యం చేసి, రాయడానికి కూర్చుంటే మాత్రం చిత్తూరు పల్లెలే రాశారు. 2015లో పోయారు. ఇంకా ఎక్కువమంది చదవాల్సిన రచయిత అని నాకు ఎప్పుడూ బాధ.

ఇది నచ్చితే తర్వాత 'మునెమ్మ'. అది కూడా సన్నదే. మొగుడు బొల్లిగిత్తని అమ్మడానికి తోలుకుపోతాడు, గిత్త తిరిగొస్తుంది, మొగుడు రాడు. మునెమ్మ ఆ గిత్తనే వెంటబెట్టుకుని, సినబ్బ అనే కుర్రాణ్ణి తోడు తీసుకుని మొగుడికేమైందో తెలుసుకోవడానికి బయల్దేరుతుంది. కథంతా ఆ సినబ్బ చెప్తుంటాడు. వచ్చినప్పుడు ఈ నవల మీద పెద్ద గొడవే నడిచింది, స్త్రీ గురించి ఇలా రాయొచ్చా అని ఒకళ్లు, ఇదే అసలైన స్త్రీ పాత్ర అని ఇంకొకళ్లు. నాకైతే మునెమ్మ నడకలో ఉన్న తెగువ నచ్చింది. మొదట్లో వచ్చే కొన్ని పేజీలు మాత్రం నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెడతాయి, అదీ చెప్పాలి. అందుకే ముందు 'అతడు అడవిని', తర్వాత ఇది. ఈ వరస మార్చొద్దు.

ఇంకో ముఖ్యమైన సంగతి, తెలుగు పుస్తకం ఏది కొన్నా ముందుమాటలు ముందు చదవకండి. మన దగ్గర ఒక అలవాటుంది, పుస్తకానికి రెండు మూడు ముందుమాటలుంటాయి, ప్రేమకొద్దీ రాస్తారు పాపం, కానీ అందులో కథ మొత్తం, చివర ఎవరు చచ్చిపోతారో సహా చెప్పేస్తారు. నేరుగా ఒకటో పేజీకి వెళ్లిపోండి, అంతా అయ్యాక తీరిగ్గా ముందుమాట చదవండి, అప్పుడు దాని రుచి ఇంకా బాగుంటుంది, మీరు చదివింది వాళ్లు చదివింది పక్కపక్కన పెట్టుకుని చూసుకోవచ్చు.

నవల కూడా వద్దు, అంత టైం లేదు అనేవాళ్లకి చాసో. చాగంటి సోమయాజులు గారు, విజయనగరం. ఈయన కథలు చాలావరకు నాలుగైదు పేజీలు దాటవు, ఆఫీసుకెళ్లే దారిలో మెట్రోలో ఒకటి అయిపోతుంది. నేను ఇప్పుడు రోజుకొకటి లెక్కన చదువుతున్నా, గబగబా చదివితే మాత్రం వీటి పస తెలీదు. 'ఎందుకు పారేస్తాను నాన్నా' చూడండి. ఫీజులు కట్టలేక, పుస్తకాలు కొనలేక తండ్రి కొడుకుని బడి మాన్పించేశాడు. ఇప్పుడు చుట్టలు తెమ్మని బజారుకి పంపిస్తున్నాడు. దారిలో బడి ఉంది. తన ఈడు పిల్లలందరూ బడికి పోతుంటే చేతిలో చుట్టల డబ్బులు పెట్టుకుని ఆ బడి ముందునుంచి నడవాలి వాడు. అంతే కథ. పేదరికం గురించి ఒక్క లెక్చరు లేదు, ఎవర్నీ తిట్టడం లేదు. మా ఇంట్లో టెన్త్ చదివే పిల్లకి చదివి వినిపించా, అది కాసేపు ఏం మాట్లాడకుండా ఉండి, ఇంకోటి చదువు అంది. 'వాయులీనం' చదివా తర్వాత. ఆ కథ పెళ్లయినవాళ్లందరూ చదవాలి, ముఖ్యంగా మగవాళ్లు.

పుస్తకం కొనే ముందు ఎలా ఉంటాయో రుచి చూడాలంటే కథానిలయం వెబ్‌సైట్‌కి వెళ్లండి, పాత పత్రికల్లో అచ్చయిన కథలు బోలెడన్ని స్కాన్ చేసి పెట్టారు, ఊరికే చదువుకోవచ్చు. ఆ కథానిలయం కారా మాస్టారు, అదే కాళీపట్నం రామారావు గారు, 1997లో శ్రీకాకుళంలో పెట్టిన లైబ్రరీ, తెలుగులో వచ్చిన ప్రతి కథా ఒకచోట ఉండాలని. ఒక రిటైరైన స్కూలు మాస్టారు ఎక్కడెక్కడి పత్రికలూ సేకరించి అంత పని చేశారంటే నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఆయన 'యజ్ఞం' కథ కూడా చదవాల్సిందే, కాకపోతే అది మనసు గట్టిగా ఉన్న రోజున.

కొత్తవాళ్లలో ఇప్పుడు నా చేతిలో ఉన్నది రమేశ్ కార్తీక్ నాయక్ 'ఢావ్లో'. 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది దీనికి. నిజామాబాద్ వైపు తండాల కథలు. ఢావ్లో అంటే బంజారా ఆడవాళ్లు పాడే ఏడుపు పాట. సగం అయింది నాకు. ఇన్నాళ్లూ తండా గురించి బయటివాళ్లు రాసింది చదివాం, ఇప్పుడు తండాలో పుట్టినవాడే రాస్తుంటే ఆ తేడా ప్రతి పేజీలోనూ కనిపిస్తోంది. కొన్ని మాటలు తెలియవు, పర్లేదు, ఆగకుండా చదువుతూ పోండి, రెండు కథలయ్యేసరికి అవే అలవాటవుతాయి.

ఇక లావు పుస్తకం అస్సలు వద్దా అంటే, నేనూ ఒకటి చదువుతున్నా, శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి గారి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ'. దీన్ని మాత్రం అమ్మకి చదివి వినిపిస్తున్నా, రాత్రి అన్నాలయ్యాక పది పేజీలు. అమ్మకి కంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి చిన్న అక్షరాలు కష్టమవుతున్నాయి. వేదం, శ్రౌతం (అంటే యజ్ఞాలు చేయించే విద్య) తప్ప ఇంకోటి పట్టని ఇంట్లో పుట్టి, తెలుగు పద్యం మీద మోజుతో ఇంట్లోవాళ్లని కాదని ఆ దారి పట్టిన కుర్రాడి కథ అది. గోదావరి జిల్లా అగ్రహారాల్లో వందేళ్ల కిందట ఏం తినేవారు, ఎలా పోట్లాడుకునేవారు, అవధానం జరిగితే ఊరు ఊరంతా ఎలా ఊగిపోయేది, అన్నీ ఉన్నాయి. ఆయన రాసిన వాక్యం పైకి చదివితేనే దాని నడక తెలుస్తుంది. ఒక్కోచోట అమ్మ ఆపి, మా అమ్మమ్మ ఇట్లాగే అనేది అని తన కథలోకి వెళ్లిపోతుంది, ఆ రాత్రికి పది పేజీలు కాస్తా రెండే అవుతాయి. ఈ పుస్తకానికి తొందరేం లేదు. దీన్ని మొదటి పుస్తకంగా మాత్రం ఎవరికీ చెప్పను, ముందు ఆయన 'మార్గదర్శి', 'వడ్లగింజలు' లాంటి కథలు చదివి ఆ గొంతు అలవాటు చేసుకోండి, కథ మొత్తం మాటల్లోనే నడిపించేస్తారాయన.

ఎక్కడ దొరుకుతాయి అంటే, కేశవరెడ్డి గారివి చాలావరకు హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. హైదరాబాద్‌లో ఉంటే కాచిగూడ నవోదయకి వెళ్లి అడగండి, పాతవాటి కోసమైతే ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్. ఒక్క విషయం, నచ్చిన తెలుగు పుస్తకం కనబడితే తర్వాత కొందాంలే అనుకోవద్దు. ఐదొందలో వెయ్యో కాపీలు వేస్తారు, అయిపోతే మళ్లీ ప్రింటు ఎప్పుడో ఎవరికీ తెలీదు.

నెక్స్ట్ బండి నారాయణస్వామి గారి 'శప్తభూమి' మొదలుపెడుతున్నా, పద్దెనిమిదో శతాబ్దం అనంతపురం సీమ. అది సన్న పుస్తకం కాదు, పండగ సెలవుల్లో కూర్చుంటా. ఈలోపు తెలంగాణ పల్లెల మీద ఒక రాత్రిలో అయిపోయే నవల ఏదైనా మీకు తెలిస్తే చెప్పండి, చాసో కథలు అయిపోవస్తున్నాయి, మెట్రోలోకి ఇంకో పుస్తకం కావాలి.