రేకు మీది నంబరు

"నువ్విక్కడ బోట్లు తయారుచేస్తున్నావా, రిపేరు చేస్తున్నావా?" అన్నాడు మా మేనేజరు, కస్టమరు ముందే. కోపం కూడా లేదు ఆ గొంతులో. అదే ఎక్కువ గుచ్చుకుంది.

అమెరికాలోని ఒహాయోలో, ఈరీ సరస్సు ఒడ్డున బోట్ల షాపులో నా ఉద్యోగం. ఒకాయన 16 అడుగుల బోటు తెచ్చి, ఉన్న 40 హార్స్‌పవర్ ఇంజను తీసి 60ది పెట్టమన్నాడు. నడిపేవాడి కంట పడేలా బోటులో ఓ చిన్న రేకు ఉంటుంది: ఎంతమంది ఎక్కచ్చు, ఎన్ని పౌండ్లు, ఎంత హార్స్‌పవర్. 20 అడుగుల లోపు మామూలు మోటారు బోట్లకు 1972 నవంబరు నుంచీ ఉన్న రూలిది. ఆయన రేకు మీద 40 అనుంది.

ఆ 40 ఎలా వచ్చిందో నాకు తెలుసు. పొడవు 16, వెనక గోడ వెడల్పు 5, హెచ్చవేస్తే 80. ఇంజన్ని చేత్తో పట్టి తిప్పే బోటైతే 80ని 0.8తో హెచ్చవేసి 25 తీసేయాలి. 39 వస్తుంది, దాన్ని 40 చేస్తారు. అదే స్టీరింగు చక్రం ఉండి, వెనక గోడ ఎత్తు 20 అంగుళాలకు తగ్గకపోతే, 80ని రెట్టింపు చేసి 90 తీస్తే చాలు. అంటే 70! గోడ ఎత్తు టేపు పెట్టి కొలిచాను, 20 ఉంది. "చక్రం బిగిస్తే 60 దర్జాగా పెట్టచ్చు కదా, కావాలంటే ఆయన చేత సంతకం తీసుకుందాం" అన్నాను. పడ్డాయి అక్షింతలు.

మేనేజరు చెప్పిందిది. ఆ లెక్క బోటు తయారుచేసే కంపెనీకి. ఒహాయో చట్టం లెక్క అడగదు, రేకు మీది నంబరు దాటి నడపకూడదంటుంది, అంతే. కొన్ని ఇన్సూరెన్సు కంపెనీలైతే నంబరు దాటిన బోటుకి పాలసీయే ఇవ్వవు. ఇక సంతకమంటావా, పెట్టేది ఈయన. రేపు బోటు అదుపు తప్పి పక్క బోటులో పిల్లాణ్ణి గుద్దితే? ఆ పిల్లాడు మనకేం సంతకం పెట్టలేదు. వాళ్ల లాయరు నడిపినవాడితో ఆగడు, ఇంజను బిగించిన షాపునీ కోర్టుకి లాగుతాడు. రేకు ఫొటో ఒక్కటి చాలు అతనికి.

కాదనలేను. బరువైన ఇంజను వేలాడితే వెనక భాగం నీళ్లలోకి దిగడం, వేగం పెరిగితే బోటు ఎగిరెగిరి పడటం నేనూ చూశాను. కానీ మనవైపు పని తెలిసినవాడు తట్టి చూసి "తట్టుకుంటుందండీ" అంటే ఆ మాటకో విలువుంటుంది. (మునిగితే ముందు నడిపినవాణ్ణి పట్టుకుంటాం, అది వేరే సంగతి.) ఇక్కడ కొలిచి చూపించిన నా మాట కన్నా, ఎవరో ఎప్పుడో రేకు మీద అచ్చేసిన అంకె ఎక్కువైంది. ఇంటికెళ్లి అదే లెక్క మళ్లీ వేశాను. 70 తప్ప ఇంకోటి రాదే!

మర్నాడు మేనేజరే దారి చూపించాడు: తయారుచేసిన కంపెనీ కొత్త రేకు ఇస్తే 60 బిగిద్దాం, రాయి అని. కొలతలూ ఫొటోలూ పెట్టి రాశాను. జవాబుగా వాళ్ల కొత్త మోడళ్ల బ్రోచరు వచ్చింది.