ట్వీటర్‌కు వేవ్‌గైడ్ కట్టడం: నా అనుభవం

ఇంట్లో కట్టుకున్న టూ-వే స్పీకర్లలో (కింది స్వరాలకు వూఫర్, పై స్వరాలకు ట్వీటర్ ఉండేవి) పాడేవాళ్ళ గొంతు నడిమధ్య నిలవకుండా పక్కలకు పరుచుకుంటోందంటే, అందరూ ముందు క్రాసోవర్‌నే (శబ్దాన్ని ఆ రెండింటికీ పంచే సర్క్యూట్‌ను) అనుమానిస్తారు. ఎదురుగా మైకు పెట్టి కొలిస్తే గ్రాఫ్ చదునుగానే వస్తుంది. తేడా అంతా పక్కలకు పోయే శబ్దంలో ఉంటుంది. ఆరున్నర అంగుళాల వూఫర్‌లో కోను వ్యాసం దాదాపు 130 మి.మీ. 1.7 కిలోహెర్ట్జ్ దాటేసరికి దాని శబ్దం ముందుకే కుదించుకుపోతుంది. సరిగ్గా అక్కడ పని అందుకునే 26 మి.మీ. డోమ్ (ట్వీటర్‌లో కంపించే గోపురం) మాత్రం దాదాపు 8 కిలోహెర్ట్జ్ వరకూ వెడల్పుగా చిమ్ముతూనే ఉంటుంది. దాంతో 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య శబ్దం పక్క గోడలకు ఎక్కువగా తగిలి, కాస్త ఆలస్యంగా చెవికి చేరి, గొంతు ఎక్కడుందో తేలనివ్వదు. ట్వీటర్ వెడల్పును క్రాసోవర్ దగ్గర వూఫర్ వెడల్పుకు సరిపెట్టడానికే వేవ్‌గైడ్, అంటే ట్వీటర్ ముందు బిగించే గరాటు లాంటి భాగం. శబ్దం పెరగడం దాని వెంట వచ్చే లాభం, అంతే.

మూతి (ఆ గరాటు వెడల్పాటి చివర) ఎంత పెద్దదో అన్నదాని మీదే చాలా వరకు ఆధారపడి ఉంటుంది. 1975లో స్పీకర్ ఇంజనీర్ డాన్ కీల్ చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: మూతి వెడల్పును మీటర్లలో, శబ్దం పరుచుకునే కోణాన్ని డిగ్రీల్లో తీసుకుని గుణించి, 25,400ను దాంతో భాగిస్తే, వేవ్‌గైడ్ కిందికి ఎన్ని హెర్ట్జ్ దాకా శబ్దాన్ని అదుపులో ఉంచగలదో తెలుస్తుంది. 100 డిగ్రీల కోణం, 160 మి.మీ. మూతి అయితే 1,590 హెర్ట్జ్. అదే కోణంలో 110 మి.మీ. మూతి అయితే 2,300. చవగ్గా దొరికే చిన్న వేవ్‌గైడ్ పెట్టి, 1.8 కిలోహెర్ట్జ్ దగ్గర క్రాసోవర్ చేసి, మార్పేమీ లేదనేవాళ్ళ ఇబ్బంది ఇదే.

ఆకారానికి 1989లో ధ్వని శాస్త్రవేత్త ఎర్ల్ గెడెస్ వివరించిన ఆబ్లేట్ స్ఫిరాయిడల్ వంపు తీసుకున్నాను. కంఠం (ట్వీటర్ వైపు ఇరుకు చివర) వ్యాసార్ధం వర్గానికి, (లోతు × సగం కోణం టాంజెంట్) వర్గాన్ని కలిపి, వర్గమూలం తీస్తే ఆ లోతు దగ్గర వ్యాసార్ధం వస్తుంది. నా ట్వీటర్ సరౌండ్ (డోమ్ చుట్టూ ఉండే మెత్తటి అంచు) బయటి వ్యాసం 36 మి.మీ., కాబట్టి కంఠం వ్యాసార్ధం 18. సగం కోణం 50 డిగ్రీలు, టాంజెంట్ 1.19. లోతు 10 మి.మీ. దగ్గర వ్యాసార్ధం 21.6, 20 దగ్గర 29.9, 30 దగ్గర 40, 45 దగ్గర 56.6. అక్కడితో ఆపి పదునైన అంచు వదిలేస్తే ఆ అంచు దగ్గర శబ్దం విరిగి మళ్ళీ కొత్తగా పుడుతుంది. అందుకే 35 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రంగా బాఫిల్‌లోకి (స్పీకర్ పెట్టె ముందు పలకలోకి) కలిపాను. చివరికి మూతి 160 మి.మీ., మొత్తం లోతు 54.

త్రీడీ ప్రింటింగ్‌కు పీఎల్‌ఏ ప్లాస్టిక్ వద్దు. 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. ప్రైమర్ కొట్టి మే నెల ఎండలో డాబా మీద ఆరబెడితే మూతి వంకర పోతుంది. పీఈటీజీ ప్లాస్టిక్ అయితే ఆ భయం తక్కువ. 0.2 మి.మీ. పొరలు, గోడకు 4 వరసలు, లోపల 30 శాతం నింపుడు. 120 నంబరు ఉప్పు కాగితంతో రుద్ది, కార్లకు వాడే పుట్టీ పట్టించి, 240తో, తర్వాత 400తో తడిపి రుద్దాలి. బయటకు నున్నగా కనిపించే మూతి మీద కంటే కంఠం లోపల ఎక్కువ శ్రమ పెట్టాలి. వెనక బ్యూటైల్ షీటు అతికిస్తే వేలితో తడితే వచ్చే గలగల పోతుంది.

ట్వీటర్ ముందు ప్లేట్ విప్పేటప్పుడు జాగ్రత్త. మామూలు స్టీలు స్క్రూడ్రైవర్‌ను అయస్కాంతం చేతిలోంచి లాగేసుకుంటుంది. అది డోమ్ మీద పడితే ట్వీటర్ పోయినట్టే. అయస్కాంతానికి అంటుకోని స్క్రూడ్రైవర్ వాడండి, డోమ్ మీద ఓ ప్లాస్టిక్ మూత బోర్లించండి. కంఠానికీ సరౌండ్‌కూ మధ్య అర మిల్లీమీటరు సందు ఉంటే చాలు. సందు ఎక్కువైతే ఆ గుంట వల్ల 10 కిలోహెర్ట్జ్ పైన గ్రాఫ్ ఎగుడుదిగుడు అవుతుంది. సరౌండ్‌కు తగిలితే మాత్రం చిన్న వాల్యూమ్‌లోనే గరగర వస్తుంది. గాలి కారకుండా పలచటి ఫోమ్ గ్యాస్కెట్ వేయాలి.

కొలత కోసం స్పీకర్‌నూ మైకునూ నేల నుంచి 1.2 మీటర్ల ఎత్తున, మీటరు దూరంలో పెట్టాను. నేల నుంచి తిరిగొచ్చే శబ్దం 4.6 మిల్లీసెకన్లు ఆలస్యం, కాబట్టి ఆర్‌ఈడబ్ల్యూ అనే కొలత సాఫ్ట్‌వేర్‌లో ఆ లోపే విండో (లెక్కలోకి తీసుకునే సమయం) కత్తిరించాలి. సుమారు 215 హెర్ట్జ్ పైన ఉన్నదే నమ్మాలి. 0 నుంచి 90 డిగ్రీల వరకు పదేసి డిగ్రీలు తిప్పుతూ అన్నీ కొలిచాకే వీట్యుక్స్‌క్యాడ్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో క్రాసోవర్ మొదలుపెట్టండి. ఎదురుగా, అంటే 0 దగ్గర, ఒక లోయ కనిపిస్తుంది. గుండ్రటి మూతి అంచు అంతా మైకుకు సమాన దూరంలో ఉంటుంది కాబట్టి అంచు నుంచి పుట్టిన శబ్దం అంతా ఒకేసారి చేరుతుంది. దాన్ని ఈక్వలైజర్‌తో పూడ్చడానికి పోతే మిగతా కోణాలన్నిటిలో గుట్ట లేస్తుంది. 12 డిగ్రీల దగ్గరి గ్రాఫ్‌ను చదును చేస్తే చాలు.

వేవ్‌గైడ్ వల్ల 2–3 కిలోహెర్ట్జ్ దగ్గర 6 డెసిబెల్‌ల పైచిలుకు పెరుగుతుంది, పైకి పోయేకొద్దీ ఆ లాభం తగ్గిపోతుంది. 4 ఓంల ట్వీటర్‌కు 4.7 ఓంల, 10 వాట్ల రెసిస్టర్ సిరీస్‌లో పెడితే 6.7 డెసిబెల్‌లు తగ్గుతాయి. ఆ రెసిస్టర్‌కు సమాంతరంగా 6.8 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేస్తే 5 కిలోహెర్ట్జ్ నుంచి పైభాగం తిరిగి లేస్తుంది. ముందు ఇది వేసి, ఆ తర్వాతే 1.75 కిలోహెర్ట్జ్ దగ్గర నాలుగో ఆర్డర్ లింక్‌విట్జ్-రైలీ వాలు (శబ్దాన్ని నిటారుగా కోసే ఒక క్రాసోవర్ పద్ధతి) కోసం మిగతా విలువలు సరిచూడాలి. డోమ్ వెనక్కి పోయింది కాబట్టి వూఫర్‌తో కాలం చాలా వరకు కలిసిపోతుంది. ట్వీటర్ వైర్లు తిరగేసి కొలిచినప్పుడు క్రాసోవర్ దగ్గర 25 డెసిబెల్‌ల లోయ పడితే ఫేజ్ (రెండింటి అలల పొందిక) కుదిరినట్టే.

గదిలో అమరికే అసలు ఫలితం చూపించేది. గది వెడల్పు 3.3 మీటర్లు, స్పీకర్లు గోడలకు 60 సెం.మీ. దూరంలో, కూర్చునే చోటు 2 మీటర్ల వెనక అనుకుందాం. గోడ నుంచి వచ్చే శబ్దం 2.2 మిల్లీసెకన్లు ఆలస్యం. స్పీకర్లను తిన్నగా ఉంచితే మనం 28 డిగ్రీల పక్కన ఉంటాం, గోడకు తగిలి మన దగ్గరికి వచ్చే కిరణం 48 డిగ్రీల దగ్గర బయలుదేరుతుంది. అక్కడ వేవ్‌గైడ్ తగ్గించేది 6 డెసిబెల్‌లు కూడా కాదు. ఇప్పుడు రెండింటినీ లోపలికి 40 డిగ్రీలు తిప్పితే గోడ కిరణం 88 డిగ్రీలకు పోతుంది, మనం 12 డిగ్రీల దగ్గర ఉంటాం. లోయ లేని చోటే. రెండు అక్షాలూ (స్పీకర్లు సూటిగా చూసే గీతలు) మనకు ముందే కలుస్తాయి. సోఫాలో కుడివైపు జరిగితే కుడి స్పీకర్ దగ్గరవుతుంది కానీ దాని అక్షానికి ఇంకా దూరమై శబ్దం కాస్త తగ్గుతుంది. ఎడమది అక్షానికి దగ్గరవుతుంది. అందుకే గొంతు అంత తొందరగా పక్కకు జారదు.

ఇంత చేశాక కూడా మోనో పింక్ నాయిస్ (రెండు స్పీకర్లకూ ఒకేలా ఇచ్చే హోరు లాంటి పరీక్ష శబ్దం) మధ్యలో ఇరుకుగా వినపడకపోతే, రెండు స్పీకర్లనూ విడివిడిగా ఒకే చోట పెట్టి కొలవండి. 500 హెర్ట్జ్ నుంచి 8 కిలోహెర్ట్జ్ దాకా తేడా అర డెసిబెల్ లోపు రావాలి. అంతటా ఒకేలా తేడా ఉంటే రెసిస్టర్ విలువ చూడండి. 8 పైన మాత్రమే తేడా ఉంటే కంఠం దగ్గర ఏదో ఒకవైపు ఎక్కువ బిగిసి ఉంటుంది. స్క్రూలన్నీ వదులు చేసి, ఎదురెదురువి జతగా, కొంచెం కొంచెంగా బిగిస్తూ మళ్ళీ కొలవండి.